ఆషాఢంలో కట్టిన పాట: కడపలో సంగీతం మీద ఒక ప్రేమ–నవ్వుల చిన్న సినిమా రాయాలంటే

సంగీతం చుట్టూ తిరిగే ప్రేమకథను నవ్విస్తూ చెప్పాలని షార్ట్ ఫిల్మ్ కుర్రవాళ్లకు భలే సరదా. స్క్రిప్టు తెరిస్తే మాత్రం చాలాసార్లు ఒకటే వరస. హీరో గిటారు భుజాన వేసుకుని గండికోట అంచున కూర్చుంటాడు. పెన్నా లోయ మీద డ్రోన్ ఎగురుతుంది. మూడు నిమిషాల మాంటేజ్‌లో (చకచకా మారే బొమ్మల వరసలో) పాట పుడుతుంది, అమ్మాయి మనసు కరుగుతుంది. ఆ తర్వాత చెప్పడానికి ఏమీ మిగలదు. అందుకని ఒక తాగుబోతు స్నేహితుణ్ని, ఒక కోపిష్టి నాన్నను పట్టుకొచ్చి మిగతా అరగంట లాగుతారు.

పాట ఎలా కట్టారన్నదే అసలు కథ. దాన్నే మాంటేజ్‌లో దాటేశారు.

ఇద్దరు కలిసి పాట కడుతుంటే అడుగడుగునా తగాదాయే. శ్రుతి ఎవరికి సరిపోవాలి, మాట కోసం బాణీ వంగాలా బాణీ కోసం మాట వంగాలా, ఎవరి పంక్తి కొట్టేయాలి? ఈ తగాదాలను ఉన్నదున్నట్టు తెర మీద పెడితే హాస్యం కోసం వేరే పాత్ర అక్కర్లేదు. ప్రేమ కోసం వేరే డైలాగూ అక్కర్లేదు. కాకపోతే రాసేవాడికి ఆ పని తెలిసుండాలి. అందుకే ఇక్కడ నలభై నిమిషాల సినిమా ఒకదాన్ని ఉదాహరణగా పెట్టుకుని, ఏ సాంకేతిక చిక్కు ఏ సీనుకు పనికొస్తుందో, ఎక్కడ తప్పుతుందో రాస్తున్నాను. కథ ఉత్తదే, చిక్కులు మాత్రం నిజమైనవి.

ముందు మనుషులు. అతను ఒకప్పుడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాడు. ఇప్పుడు హార్మోనియంలు రిపేరు చేస్తూ, పిల్లలకు కీబోర్డు నేర్పుతూ, శనివారం భజనలకు వాయిస్తూ బతుకుతున్నాడు. ఆమె అదే పార్టీలో సింగర్. ఇప్పుడు కడప వైవీ స్ట్రీట్ పక్క సందులో మ్యాచింగ్ సెంటర్ నడుపుతోంది. చీర కొంగు చూసి ఫాల్స్, లైనింగు ఏ షేడ్‌లో ఉండాలో క్షణంలో చెప్పేస్తుంది. చెవి కూడా అంతే చురుకు. ఇలాంటి పని ఎంచుకుంటే ఆమె పట్టుదల గురించి డైలాగు రాసే బాధ తప్పుతుంది. కస్టమర్ ‘ఇదీ అదీ ఒకటే కదమ్మా’ అంటే ‘కాదు’ అని వెలుతురులోకి తెచ్చి చూపించే మనిషి పాటలో అపస్వరాన్ని ఊరుకుంటుందా?

కాలం ఎప్పుడంటే ఆషాఢం. మూఢనమ్మకమో ఆచారమో, ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, బ్యాండు వాళ్లకూ వాద్యగాళ్లకూ పని ఉండదు. అతను ఖాళీ. ఆమెకేమో ఆషాఢం సేల్, ఊపిరాడదు. ఖాళీగా ఉన్నవాడు ఊపిరాడని మనిషి దగ్గరికి పనిమీద రావడంలోనే సగం నవ్వు ఉంది. శ్రావణంలో మొదటి ముహూర్తం గడువు. కథ జరిగే ఏడాదిని మాత్రం పంచాంగంలో చూసుకుని రాయండి. 2023లో అధిక శ్రావణం వచ్చి పెళ్లిళ్లు ఇంకో నెల వెనక్కి జరిగాయి. అలాంటి ఏడాదిలో పెడితే గడువు సడలిపోయి కథలో తొందర పోతుంది.

పని ఇచ్చేవాడు యర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ యూనిట్ ఓనరు. కూతురి పెళ్లికి, మండపంలోకి అమ్మాయి నడిచొచ్చేటప్పుడు వినిపించడానికి కొత్త పాట కావాలి. డీజే పాట కాదు, వీళ్లే స్టేజీ మీద పాడాలి. షరతు ఒక్కటే: పల్లవిలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు పేర్లు పూర్తిగా రావాలి. ఈయన్ని విలన్ చేయకండి. పాట మీద నిజంగా ఆశ ఉన్న మనిషిగా రాస్తేనే ఆయన అడిగే అసాధ్యాలు నవ్విస్తాయి.

ఇప్పుడు వాళ్లిద్దరూ ఎందుకు విడిపోయారన్నది. రెండో అవకాశం కథల్లో ఎక్కువగా చెడేది ఇక్కడే. ఎవరో చెప్పిన చాడీ, తప్పుగా చేరిన మెసేజ్ పెడతారు. అది రెండు మాటల్లో తేలిపోయే గొడవ, ప్రేక్షకుడు ‘ఫోన్ చేసి అడగొచ్చు కదా’ అనుకుంటాడు. కారణం పనిలోంచే రావాలి. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ అని ఒక బటన్ ఉంటుంది. పెళ్లి పార్టీల్లో చాలామంది ప్రతి పాటనూ తమకు అలవాటైన సి మెట్టు నుంచే వాయిస్తారు, శ్రుతిని ఆ బటన్‌తో మారుస్తారు. మగ గొంతు ఒకటిన్నర శ్రుతి (సి షార్ప్ నల్లమెట్టు) అయితే ప్లస్ ఒకటి. ఆమెది ఐదున్నర (జి షార్ప్ నల్లమెట్టు) అయితే మైనస్ నాలుగు. అతని పాట అయ్యాక ఆమె పాటకు మైనస్ నాలుగు పెట్టడం మరిచిపోతే, ప్లస్ ఒకటి మీదే ఉండిపోతుంది. అంటే ఆమె పాట ఐదు అరస్వరాలు, నల్లవీ తెల్లవీ కలిపి ఐదు మెట్లు, పైన మొదలవుతుంది. పల్లవిలో ఎలాగో నెట్టుకొస్తుంది. చరణంలో పైస్థాయి గాంధారం (గ) దగ్గర గొంతు చీలుతుంది.

అంతవరకు పొరపాటే. అసలు దెబ్బ దాని తర్వాత పడాలి: నిండు పందిట్లో అతను మైకు తీసుకుని ‘సింగర్‌కు గొంతు బాలేదు, ఏమనుకోవద్దు’ అంటాడు. ఆమె ఆ రాత్రే పార్టీ వదిలేస్తుంది. పదేళ్లయినా ఎవరికీ చెప్పదు, అతనూ ఒప్పుకోడు. ఇది ఫ్లాష్‌బ్యాక్‌గా చూపించొద్దు. ఎనిమిదో నిమిషంలో అతను ఒక పిల్లాడికి కీబోర్డు నేర్పుతుంటే ‘ఈ బటన్ మాత్రం పాట పాటకూ చూసుకోవాల. ఆడగొంతుకు మైనస్ నాలుగు. మరిస్తివంటే కొంపలు మునిగినట్టే’ అనిపించండి. పిల్లాడు ఒకసారి మరిచిపోయి కీచుమనిపిస్తే జనం నవ్వుతారు. ఆ నవ్వుతోనే పాఠం ఎక్కేస్తుంది. దీని బాకీ ముప్పైనాలుగో నిమిషంలో తీరుతుంది.

మొదటి కలయికలో సీమ మాట వాడండి. తెలుగు తెర మీద మన యాస వినబడితే వెనకాలే సుమోలు, వేటకొడవళ్లు వస్తాయని జనానికి అలవాటు చేశారు. మెల్లగా, గొంతు పెంచకుండా మాట్లాడుకునే కడప మనుషులను చూపిస్తేనే సగం కొత్తగా ఉంటుంది.

‘లైనింగు మీటరు ఎంత మేడం?’
‘మేడమా? పదేండ్లకు మేడం అయిపోతిని.’
‘పాట ఒకటి ఉండాది.’
‘ఉంటే పాడుకో. ఎవురొద్దన్న్యారు? షట్టర్ దించేదుంది, పక్కకు జరుగు.’

‘మేడం’ నుంచి, చనువున్న ఆడమనిషిని పిలిచే ‘ఏమ్మే’ దాకా పిలుపు ఎప్పుడు మారుతుందో స్క్రిప్టు మార్జిన్‌లో గుర్తు పెట్టుకోండి. మధ్యలో ఒకసారి నోరు జారి ‘మే’ అని, వెంటనే మళ్లీ ‘మేడం’ అనాలి.

ఇక పాటలోకి. పేర్ల సంగతి చూద్దాం, ఇది సినిమాలో పద్దెనిమిదో నిమిషం దగ్గర రావాలి. బాణీకి మాట రాసేటప్పుడు ముందు బాణీని ‘తాననా’ అని పాడి, ఎక్కడ పొట్టి అక్షరం పడుతుందో ఎక్కడ సాగుతుందో గీసుకుంటారు. పొట్టిది ఒక మాత్ర, దీర్ఘమో సున్నానో ఉంటే రెండు, వెనక ఒత్తు ఉన్న అక్షరం వస్తే ముందుదీ రెండే. బడిలో గణాలకు నేర్చుకున్న లెక్కే. పాట ఆదితాళంలో ఉందనుకోండి, ఎనిమిది దెబ్బలు, దెబ్బకు రెండు మాత్రలు, పంక్తికి పదహారు. పేరుకు దొరికే చోటు అర పంక్తి, ఎనిమిది మాత్రలు.

పెళ్లికూతురు లక్ష్మీప్రసన్న. ల–క్ష్మీ నాలుగు, ప్ర–స–న్న నాలుగు. ఎనిమిది మాత్రలు, తూకం వేసినట్టు కూర్చుంటుంది. పెళ్లికొడుకు వెంకటసుబ్బారెడ్డి. వెంకట నాలుగు, సుబ్బా నాలుగు, రెడ్డి మూడు. పదకొండు. రెడ్డీ అని సాగదీస్తే పన్నెండు. ఎనిమిదిలో పన్నెండు పట్టదు. అతను ‘సుబ్బారెడ్డి చాలు’ అంటాడు, ఓనరు ‘వెంకటేశ్వరస్వామి పేరు తీసేస్తావా’ అంటాడు. ఆమె వేగంగా పాడి కుదిస్తే బస్టాండులో అనౌన్స్‌మెంటులా వినబడుతుంది. ఈ సీను ఎంత సాగినా విసుగు రాదు, ఎందుకంటే ప్రేక్షకుడు కూడా వేళ్లు లెక్కపెట్టడం మొదలుపెడతాడు.

దారి ఏమిటంటే పేరును తాళం దెబ్బకు ముందే ఎత్తుకోవడం. ‘వెంకట’ అన్న నాలుగు మాత్రలను ముందు పంక్తి చివరి రెండు దెబ్బల్లో పెట్టి, ‘సుబ్బా’ సరిగ్గా సమం (తాళం మొదటి దెబ్బ) మీద పడేలా చేస్తే, సుబ్బా–రెడ్డీ ఎనిమిది మాత్రలు అర పంక్తిలో సుఖంగా సర్దుకుంటాయి. దానికి మూల్యం ఉంది: ముందు పంక్తిని పన్నెండు మాత్రలకు కుదించాలి. ఆ పంక్తి ఎవరిది? అతనికి ఎంతో ఇష్టమైన పంక్తి. అతను తన మాట కొట్టేసుకోవడమే ఇక్కడ ప్రేమ సీను. పువ్వులూ వయొలిన్లూ వద్దు, పెన్నుతో ఒక గీత చాలు.

మాట విరిగే చోటు కూడా చూడాలి. ‘మనసున్న మా బావ’ అని రాశారనుకోండి. చదివితే బాగానే ఉంది. బాణీలో రెండు మాత్రల తర్వాత చిన్న విరామం ఉంటే పాడినప్పుడు ‘మన... సున్న మా బావ’ అవుతుంది. పెళ్లికొడుకు సున్నా అయి కూర్చుంటాడు. కాగితం మీద చూసి ఓకే చేయకుండా, రాసినవాడు కాక ఇంకొకరు పాడగా వినాలనడానికి కారణం ఇదే. సాగే స్వరం కింద ఆ, ఓ, ఏ లాంటి తెరిచిన అచ్చు ఉండాలి. ‘ఇ’ మీద పైస్థాయిలో నిలబడమంటే గొంతు నొక్కుకుపోతుంది. పరుగెత్తే స్వరాల కింద ఒత్తక్షరాలు పెడితే నాలుక తడబడుతుంది. ‘స్వప్నస్పర్శ’ లాంటి మాటలు కవికి అందంగా ఉంటాయి, సింగర్‌కు శాపాలు.

మాటలు బాగా రాసే ఆమె, ‘నా బాణీలో ఒక్క స్వరం కూడా మార్చను’ అనే అతను. ఈ పంతానికి ఆమె నోట ఒక జవాబు పెట్టొచ్చు, అది కడప గడ్డ మీద బాగా అతుకుతుంది. తాళ్లపాక అన్నమయ్య (1408–1503) పాటలు రాగిరేకుల మీద మనకు దక్కాయి. రేకు మీద రాగం పేరు ఉంటుంది, కానీ ఆయన ఎలా పాడాడో చెప్పే స్వరం చాలా పాటలకు దొరకలేదు. 1893లో అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి విద్వాంసులు 20వ శతాబ్దంలో వాటికి మళ్లీ బాణీలు కట్టారు. ఇప్పుడు దేవుని కడప గుడిలో మైకులో వినబడే కీర్తనల బాణీ అన్నమయ్యది అనుకునేవాళ్లు బోలెడు. ‘ఆయన పాటలకే బాణీ కొత్తగా కడితిరి, నీది మారిస్తే వచ్చిందా?’ అని ఆమె అంటే చాలు. పాఠం చెప్పినట్టు రాయకుండా, ఫాల్స్ కత్తిరిస్తూ అనిపించాలి.

శ్రుతి గొడవ ఇంకా లోతైనది. ఒకటిన్నర శ్రుతి మగ గొంతు, ఐదున్నర శ్రుతి ఆడ గొంతు కలిసి ఒకే స్వరాల మీద పాడాలంటే ఇద్దరికీ హాయిగా దొరికే మేర చాలా ఇరుకు. ఆమె మధ్యస్థాయి షడ్జమం (స) నుంచి ధైవతం (ద) దాకా, ఇంచుమించు ఆరు స్వరాలు. అదే చోటు అతనికి పంచమం (ప) నుంచి పైస్థాయి గాంధారం దాకా. అంటే అతను తన గొంతు పైఅంచున బిగబట్టి పాడాలి, ఆమె తన కింది అంచున, మెరుపు తగ్గించుకుని పాడాలి. ఎవరో ఒకరికి సుఖంగా ఉంటే రెండోవాళ్లకు నరకం. పల్లవిని ఈ ఆరు స్వరాల్లో కట్టి, చరణాల్లో ఎవరి చోటికి వాళ్లను వదిలేయడం తెలివైన పద్ధతి. ఆమె మధ్యమమే (మ) అతని పైషడ్జమం కాబట్టి, ఆమె మధ్యమాన్ని ఆధారం చేసుకుని పాడితే తంబురా మార్చకుండానే అతని శ్రుతిలోకి వచ్చేస్తుంది. మొదటి సగంలో ఇద్దరూ పల్లవిని తమ తమ శ్రుతికి లాక్కుంటారు. రెండో సగంలో అతను ‘నీ శ్రుతికే పెడతా’ అంటాడు, ఆమె ‘వద్దులే, నీదే ఉండనీ’ అంటుంది. ఇప్పుడు తగాదా తిరగబడింది. ఇది రాయడానికి కష్టపడక్కర్లేదు, సంగీతమే రాసి పెట్టింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇరవైనాలుగో నిమిషంలోది. పాట మొదట విఫలం కావాలి, తర్వాత బాగుపడాలి, రెండింటికీ తేడా మామూలు చెవికి తెలియాలి. చాలా సినిమాల్లో పాట ఎందుకు బాగుపడిందో తెలియదు, వెనక వయొలిన్లు పెరుగుతాయంతే. దీనికి శివరంజని, మోహనం రాగాల కన్నా మంచి జంట లేదు. రెండింటికీ ఐదేసి స్వరాలు. స రి ప ద నాలుగూ ఒకటే, తేడా గాంధారంలో. శివరంజనిలో చిన్న గాంధారం, ఏడుపు తెప్పిస్తుంది. మోహనంలో పెద్ద గాంధారం, పెళ్లికళ వస్తుంది. ఒకటిన్నర శ్రుతిలో హార్మోనియం మీద పెడితే స రి ప ద నాలుగూ నల్లమెట్లే. గాంధారం ఒక్కటే తెల్లమెట్టు. శివరంజనికి ‘ఈ’ (E) మెట్టు, మోహనానికి దాని పక్కనే ఉన్న ‘ఎఫ్’ (F). నాలుగు నల్లమెట్లు, ఒక తెల్లమెట్టు. వేలు పక్క తెల్లమెట్టుకు ఒక అంగుళం కూడా జరగక్కర్లేదు, రాగం మారిపోతుంది. కెమెరా మెట్ల మీద పెడితే సంగీతం రానివాడికీ కంటికి కనబడుతుంది.

అతను పదేళ్లుగా శివరంజనిలోనే బాణీలు కడుతున్నాడు. పెళ్లి పాట కూడా అలాగే కట్టాడు. ఓనరు విని ‘బాగుంది గానీ, ఎవరు పోయినారు?’ అంటాడు. మార్చమంటే మార్చడు. మరి ఎలా మారాలి? హార్మోనియం పెట్టే మార్పించాలి. పాలిష్ యూనిట్‌లో పాట వినిపించడానికి హార్మోనియం తీసుకెళ్తారు, అక్కడ గాలినిండా రాతిపొడి. హార్మోనియం లోపల ప్రతి మెట్టుకూ ఒక ఇత్తడి రీడు ఉంటుంది. దాని నాలుకకూ చట్రానికీ మధ్య సందు వెంట్రుక మందం. అందులో ఒక్క రేణువు చిక్కితే నాలుక కదలదు, ఆ స్వరం మూగబోతుంది. ఇక్కడ మూగబోయేది శివరంజని గాంధారం, ‘ఈ’ (E) మెట్టు. ఓనరు ముందు వాయిస్తుంటే గాంధారం పలకదు. అతను గాభరాగా నొక్కుతుంటే పక్కన కూర్చున్న ఆమె అతని వేలిని పట్టుకుని పక్క తెల్లమెట్టు మీద పెడుతుంది. పాట నవ్వుతుంది.

దీన్ని తప్పు లేకుండా రాయాలంటే మూడు సంగతులు చూసుకోవాలి. పెట్టె సింగిల్ లైనుదై ఉండాలి. రెండు లైన్ల పెట్టెలో ప్రతి మెట్టుకూ రెండు రీడ్లుంటాయి, ఒకటి మూగబోయినా రెండోది పలుకుతుంది. రెండు లైన్లదే దొరికితే ఒక లైను స్టాపరు మూసేసి ఉన్నట్టు ముందే చూపించాలి. ఇక రేణువు ఒక్క స్థాయి గాంధారాన్నే ఆపుతుంది. చరణంలో బాణీ పైస్థాయికి వెళ్తే అక్కడి ‘ఈ’ (E) మెట్టు చక్కగా పలుకుతుంది, అతని వేలు అలవాటుగా దాని మీద పడుతుంది, మళ్లీ ఏడుపు రాగం. దీన్ని తప్పు అనుకోకుండా వాడుకోండి. పల్లవి మారింది, మనిషి ఇంకా మారలేదు. మూడోది, తర్వాత అతను పెట్టె విప్పినప్పుడు రీడును నోటితో ఊదకూడదు, తేమ తగిలి ఇత్తడికి చిలుము పడుతుంది. పలచని బ్లేడుతో నాలుక కొసను మెల్లగా మీటి, సందులో సన్న కాగితం జారిస్తే రేణువు రాలిపోతుంది. గీకకూడదు. కొస దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, నాలుకను బిగించిన రివెట్ దగ్గర గీకితే తగ్గుతుంది. రిపేరు తెలిసినవాళ్లు చూస్తారు, తప్పు కనబడితే తర్వాతి సీను నమ్మరు. అతను రేణువు తీయగలిగి కూడా తీయకుండా పెట్టె మూసేస్తే, మాటలు లేకుండా పెద్ద మార్పు చెప్పినట్టే.

ఇరవైతొమ్మిదో నిమిషం రికార్డింగ్. డబ్బిచ్చి స్టూడియోకు పోవాల్సిన పనే లేదు, ఆమె దుకాణమే స్టూడియో. నాలుగు గోడలకూ బట్ట తానులున్న గదిలో ప్రతిధ్వని ఉండదు, గొంతు శుభ్రంగా పడుతుంది. రాత్రి కొట్టు మూశాక చేయాలి, పగలైతే ఏడు రోడ్ల కూడలి నుంచి హారన్లు వస్తాయి. ఫ్యాను ఆపాలి. ఆషాఢం ఉక్కలో ఫ్యాను లేకుండా మూసిన కొట్లో నాలుగు నిమిషాలు, చెమటలు కారుతూ ఇద్దరూ ఒకే మైకు ముందు. ఇంతకన్నా శృంగారం కడపలో ఎవరూ కోరరు. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు తిప్పి ఉండాలి. ఎదురుగా ఉంటే ప, బ, భ దగ్గర గాలి దెబ్బ టప్పుమంటుంది. పలచని లైనింగు గుడ్డ ఒక పొర అడ్డు కడితే ఆ దెబ్బ ఆగుతుంది, గుడ్డ ఏ రంగుదో అన్న దాని మీద ఆమె తగాదా పెట్టుకోవచ్చు. ఇనుప షట్టరు మంద్ర స్వరాలకు గలగలమంటుంది, సందులో దూది కుక్కాలి. చివర అర నిమిషం ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకోవాలి, ఎడిటింగ్‌లో అతుకులు పూడ్చడానికి. ఆ అర నిమిషం ఇద్దరూ ఒకరినొకరు చూస్తూ నోరు మూసుకుని ఉండాల్సిందే. ఈ సీను రాయకుండా వదిలేసేవాడు అసలు రాయకూడదు.

మీ సినిమా షూటింగ్‌లోనూ ఇదే జాగ్రత్త. ఫోన్‌తో తీస్తే ఫ్రేమ్ రేటు (సెకనుకు తీసే బొమ్మల లెక్క) మధ్యమధ్యలో మారుతుంటుంది, పాట చివరికి వచ్చేసరికి పెదవులూ గొంతూ విడిపోతాయి. ఫ్రేమ్ రేటును స్థిరంగా పెట్టే యాప్ వాడండి, తర్వాత బొమ్మనూ ధ్వనినీ కలుపుకోవడానికి ప్రతి టేక్ మొదట చప్పట్లు కొట్టండి.

పాట నిడివి కూడా ముందే లెక్క వేసుకోవాలి. నిమిషానికి 96 దెబ్బల నడకలో ఎనిమిది దెబ్బల ఆవర్తనం (తాళం ఒక చుట్టు, అంటే ఒక పంక్తి) 5 సెకన్లు. నాలుగు పంక్తుల పల్లవి 20 సెకన్లు, ఎనిమిది పంక్తుల చరణం 40. మొదట పల్లవి రెండుసార్లు, రెండు చరణాలు, ఒక్కో చరణం తర్వాత పల్లవి ఒకసారి, మధ్యలో రెండు వాద్యాల బిట్లు 20 సెకన్ల చొప్పున, ముందు 10 సెకన్ల ఎత్తుగడ. మూడున్నర నిమిషాలు. ఈ మూడున్నర నిమిషాలూ సినిమాలో ఒక్కసారే, చివర్లోనే పూర్తిగా వినబడాలి. అంతకుముందు పల్లవిని మూడుసార్లు ముక్కలుగా, ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఆగిపోయేలా వినిపించాలి. రికార్డింగ్ సీన్లో కూడా పాట మొత్తం పెట్టేస్తే పెళ్లి సీన్లో జనం ఫోన్లు తీస్తారు.

పెళ్లిలో ఏం జరగాలి? అతను స్టేజీ మీద మైకు తీసుకుంటాడు. అందరూ పెళ్లి శుభాకాంక్షలు చెప్తాడనుకుంటారు. ‘పదేండ్ల కిందట ఈమె పాట చెడింది గొంతు బాలేక కాదు. మైనస్ నాలుగు పెట్టేది నేను మరిస్తి’ అంటాడు. పందిట్లో ఎవరికీ అర్థం కాదు, ఓనరు పక్కవాణ్ని ‘మైనస్ నాలుగేందప్పా’ అని అడుగుతాడు. ఆమెకు అర్థమవుతుంది, ఎనిమిదో నిమిషం నుంచి మీ ప్రేక్షకుడికీ అర్థమవుతుంది. ఆమె ఏమీ అనదు, వంగి కీబోర్డు మీద బటన్ తనే నాలుగుసార్లు నొక్కుతుంది. అతను ‘ఏమ్మే, ఎత్తుకో’ అంటాడు. ఐ లవ్ యూ అనే మాట స్క్రిప్టులో ఎక్కడా ఉండకూడదు. ఉంటే కొట్టేయండి.

ఇక కాగితాల సంగతి. పాత సినిమా పాటను ‘నాలుగు సెకన్లే కదా’ అని వాడితే అప్‌లోడ్ చేసిన గంటకే వీడియో ఆగిపోవచ్చు. మన చట్టంలో మాటకూ బాణీకీ రాసినవారు పోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. రికార్డింగ్‌కు విడుదలైన తర్వాత 60 ఏళ్లు. అన్నమయ్య మాట ఎవరైనా వాడుకోవచ్చు, దానికి ఆధునికులు కట్టిన బాణీ అలా కాదు, మీ బాణీ మీరు కట్టుకోవాలి. మీ సినిమాకు పాట రాసినవారితో, బాణీ కట్టినవారితో షూటింగ్‌కు ముందే ఒక కాగితం రాసుకోండి: మాట ఎవరిది, బాణీ ఎవరిది, దేనికి వాడొచ్చు, డబ్బొస్తే ఎంత పంపకం. స్నేహితులే కదా అని వదిలేసిన చోటే గొడవలు వస్తాయి. సంతకాలు, తేదీ, ఇద్దరి దగ్గరా చెరో నకలు. టైటిల్ కార్డులో పేర్లు కూడా ఆ కాగితంలో ఉన్న వరసలోనే వేయండి.